వదినకు వినిపించే ప్లగిన్

అచ్చాఫీసులో పేజీలు కూర్చే ఆయన్ని అందరూ కంపోజర్ అనే పిలుస్తారు. పేజీ ముచ్చటగా లేకపోతే ఆయనకు అన్నం సయించదు. ఇరుకు వరుసలో పొడవాటి మాట ఇమడకపోతే, దాని నడుమ కంటికి కనిపించని గుర్తొకటి పెట్టేవాడు. మాట అక్కడ విరిగి కింది వరుసలోకి ఒద్దికగా దిగేది. కాగితం మీద ఎవరికీ తెలిసేది కాదు.

తెలిసింది వదినకే. ఆవిడ ఆయన భార్యకు అక్క. చూపులేని పిల్లల బడిలో టీచరు, ఆవిడకూ చూపు లేదు. ఆయన కూర్చిన పాఠాలను ఆ బడిలో కంప్యూటరు చదివి వినిపిస్తుంది. ఓ సాయంత్రం చేతికర్రతో తడుముకుంటూ ఆవిడ ఆఫీసుకే వచ్చింది.

"మరిదీ, నీ పుస్తకానికి నత్తి వచ్చిందయ్యా. మాటను మధ్యలో తుంచేస్తోంది."

"జలుబు చేసిందేమో వదినా!"

"నవ్వకు. మా తరగతిలో ఒక పిల్ల తన చెవులే చెడిపోయాయనుకుంది. ఇయర్‌ఫోన్ ముట్టనంటోంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. కంప్యూటరు తడబడేది తను పెట్టిన గుర్తుల దగ్గరే.

అన్నిటినీ ఒక్కసారిగా తీసేయడానికి లేదు. అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తులూ కొన్ని ఉంటాయి, అవి ఉండాల్సినవే. ఎక్కడ ఏది పెట్టాడో ఆయనకే గుర్తులేదు. కర్సర్ దగ్గరున్నది ఏ అక్షరమో చెప్పే ప్లగిన్ కావాలి. అంటే పేజీలు కూర్చే కంప్యూటరు ఎడిటర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు. ఆయన నెట్ నుంచి మూడింటిని దింపి చూశాడు. మొదటిది తెర అడుగున పట్టీలో అక్షరం సంఖ్య చూపింది. రెండోది గుర్తులన్నిటికీ ఒకేసారి రంగులద్దింది. మూడోది ఒక కీ నొక్కితే చిన్న పెట్టె తెరిచి గుర్తు పేరు రాసింది.

"రెండోదే వదినా! పేజీకి తట్టు పోసినట్టు ఎర్రగా కనిపిస్తున్నాయి."

"నీకు కనిపిస్తాయి. నేనూ చూసుకోవద్దూ? రేపు నువ్వు మళ్లీ సింగారించవని నమ్మకమేమిటి?"

ఆయన ఇయర్‌ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. పట్టీలోని సంఖ్యను కంప్యూటరు గొంతు పలకలేదు. రంగులు ఎటూ పలకవు. మూడోదానికి కీ నొక్కగానే, "వెడల్పు లేని ఖాళీ" అని వినిపించింది.

"ఆఁ! దొరికాడు దొంగ."

"ఇది మహా నెమ్మది వదినా. ఒక్కోదాని దగ్గరా ఆగాలి."

"మేము ఆగుతూనే చదువుకుంటాం నాయనా."

ఆయన కుర్చీ పక్కకు జరుపుకుని కీబోర్డు ఆవిడ ముందుకు నెట్టాడు. ఆ పిల్ల వదిలేసిన పాఠంతోనే మొదలుపెట్టారు. ఆవిడ విని "తియ్యి", "ఉండనీ" అంటుంటే ఆయన చెయ్యి చాపి తీశాడు, ఉంచాడు. ఇంటికి వెళ్లాల్సిన ఆఫీసు యజమాని ఇద్దరికీ టీ తెప్పించి, తాళం చేతిలో పెట్టుకుని పక్కగదిలో కూర్చున్నాడు. దేవుడు అలాంటివాళ్లను చల్లగా చూడాలి.

మర్నాడు ఆయనే బడికి వెళ్లాడు. పిల్ల చేతులు కట్టుకుని కూర్చుంది.

"నా చెవులు బాగోలేవు."

"నిక్షేపంలా ఉన్నాయి తల్లీ. మాట మధ్యలో అడ్డం పెట్టింది నేను."

"ఎందుకూ?"

"అందంగా ఉంటుందని."

"నాకేం అందంగా లేదు!"

"ఇప్పుడు తీసేశానుగా. ఓసారి విని చెప్పు."

పిల్ల అనుమానంగా ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. తల ఒక పక్కకు వంచి, పెదాలు కదుపుతూ పాఠం చివరిదాకా విన్నది.

"తర్వాతి పాఠం?"

"అది ఇంకా చెయ్యలేదమ్మా."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావ్?"

వెనక వదిన పకపకా నవ్వుతుంటే, ఆయన గబగబా చెప్పులు వేసుకుని ఆఫీసు దారి పట్టాడు.