తలుపు బయట పెద్దనర్సు

పిల్లల మానసిక వైద్యశాలలో పెద్దనర్సు ఎవరినీ నమ్మదు. ఆటబొమ్మల బీరువా తాళంచెవి కూడా ఆమె నడుముకే వేలాడుతుంది. పక్కగదిలో ఎవరు మాట్లాడుకున్నా ఆమె మెడ అటు వాలుతుంది. నాయకత్వ శిక్షణకు వెళ్లి వచ్చిన మర్నాడు ఆ తాళంచెవి తీసి చిన్ననర్సు చేతిలో పెట్టింది. చేరిన నాటి నుంచి నోరు విప్పని పాపను ఇక నువ్వే చూసుకోమంది.

"తేడా వస్తే నా మెడకు చుట్టడానికా అక్కా?" అంది చిన్ననర్సు.

"కాదులే. నేను తలుపు బయటే ఉంటాగా."

"అదే నా భయం."

చిన్ననర్సు పాపను ఆటగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. పెద్దనర్సు మూసిన తలుపుకు చెవి ఆనించి నిలబడింది. లోపల బొమ్మల చప్పుడే తప్ప మాట లేదు. చేయి ఊరుకోక మాటిమాటికీ గడియ మీదికి పోతోంది. అంతలో పాప గొంతు సన్నగా వినిపించింది.

"తాళాలత్త వెళ్లిపోయిందా?"

చిన్ననర్సుకు అబద్ధమాడే అవసరం రాకుండా, పెద్దనర్సు తన చెప్పులు చేతపట్టుకుని వసారా చివరిదాకా చప్పుడు లేకుండా నడిచింది.