నెత్తళ్లు లేని సముద్రం

ఈ రోజు పొద్దుటి నుంచి హబ్సిగూడలో, నా కంప్యూటర్‌లోని సముద్రంలో వంజరం చేపలు ఆకలితో చచ్చిపోతున్నాయి. రేవుల్లో అమ్మకానికి దించిన చేపల లెక్కలను బట్టి, సముద్రంలో ఏ చేప ఏది తిని బతుకుతోందో చూసే మోడల్ నాది. వంజరాలకు తిండి అయిన నెత్తళ్లు అనే చిన్న చేపలు ఒక చిన్న రేవు లెక్కల్లో అసలు లేవు. అంతరించిపోయాయేమోనని భయపడి, రిపోర్టులో ఆ రేవుకు ఎర్ర రంగు వేశాను.

మధ్యాహ్నం పక్క సీటు రాంబాబు టిఫిన్ డబ్బా తెరిచాడు. ఆ రేవు వాళ్ల ఊరిదే. నిన్ననే వాళ్లమ్మ ఆ ఊరి నుంచి నాచారంలో అతనింటికి వచ్చింది. డబ్బా నిండా ఎండు నెత్తళ్ల ఇగురు!

"ఇవి ఏడికెళ్లి వచ్చినయ్ తమ్మీ? మీ రేవుల ఒక్కటి గూడ లేదు గదా!"

"మావాళ్లు నెత్తళ్లు అమ్మరన్నా. వేలంపాటకి ముందే పడవలోవాళ్లంతా కూరకి పంచేసుకుంటారు."

"గట్లయితే నా లెక్కలల్లకు ఎట్లొస్తయ్?"

"ఎలా వస్తాయన్నా, తినేశాం కదా!"

రిపోర్టులో ఎర్ర రంగు తీసేశాను. మీ ఇళ్లలో కూడా ఇలా ఏ లెక్కకూ అందకుండా కూరైపోయేవి ఉంటే చెప్పండి. రాంబాబు డబ్బాలో సగం ఇగురు ఎటు పోయిందో మాత్రం అడగకండి.