గుంజి కట్టిన తాడు వంకరైన రోజు

2023 వానాకాలం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక కంటి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. చార్టు చదివించి, చుక్కల మందు వేసి, డాక్టరు గారి దగ్గరికి పంపడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరని నాకప్పట్లో గట్టి నమ్మకం.

తెలంగాణ సరిహద్దు పల్లె లక్కడ్‌కోట్ నుంచి రాజన్న అనే పత్తి రైతు వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. షుగర్‌ను పట్టించుకోక ఎడమ కన్ను ఎప్పుడో పోగొట్టుకున్నాడు. మిగిలింది కుడి కన్నొక్కటే. చదివింది మరాఠీ బడిలో కాబట్టి మరాఠీ చార్టు పెట్టాను. కింది రెండు వరుసలు తప్ప అన్నీ చదివేశాడు. ఈ వయసుకు అదే ఎక్కువ, డాక్టరు గారి దాకా అక్కర్లేదనుకుని మూడు నెలల తర్వాత రమ్మన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“అక్షరాలు కానొస్తున్నయ్ బిడ్డా. గని గుంజి కట్టిన తాడు సుత వంకర కానొస్తున్నది. తాడెట్ల వంకరైతది?”

కోడలు దగ్గరుండి వేయించిన పత్తి సాళ్లు వంకరపోయాయని కూలీల ముందే ఆమెను తిట్టాడట. మొత్తం దున్నించి మళ్లీ వేయిద్దామనుకున్నాడట. ఎందుకైనా మంచిదని సాలు పొడుగునా తాడు కట్టి, చేత్తో తడుముకుంటూ నడిచాడు. మొక్కలన్నీ తాడును ఆనుకునే ఉన్నాయి. తప్పు తన కంటిదని తేలిపోయింది. అదే కూలీల ముందు కోడలికి తప్పైందని చెప్పి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు.

నేను గొణుక్కుంటూనే వెళ్లి డాక్టరు గారికి చెప్పాను. ఓసీటీ తీశారు. కంటి వెనక పొరలను అడ్డంగా కోసి చూపినట్టు చూపే స్కాన్ అది. చూపుకు కేంద్రమైన మాక్యులా నీరుపట్టి ఉబ్బి ఉంది. వాపు తగ్గాలంటే కంట్లోకే ఇంజెక్షన్ ఇవ్వాలి, నెలనెలా రావాలి. అరుదుగానైనా ఇన్‌ఫెక్షన్ రావచ్చని, ఉన్నది ఒక్క కన్నేనని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. రాజన్న కాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. మత్తు చుక్కలు వేసి, కంటి తెల్లభాగంలోంచి సూది దించుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడే తప్ప తల కదపలేదు.

పత్తి తీసే రోజుల్లో కూడా ఒక్క నెల తప్పలేదు. టీలో చక్కెర మానేశాడు. ఐదో ఇంజెక్షన్ నాటికి వాపు దాదాపు పోయింది, చార్టులో ఇంకో వరుస చదివాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

“మొదటి రోజు నిన్ను వాపస్ పంపబోయిన కాకా. తప్పు నాదే.”

ఆయన నవ్వాడు. “నేనైతే చేనంత దున్నిపిద్దామనుకున్న. నువ్వు మూన్నెల్లే అన్నవ్.”

తన కన్నునే అనుమానించి సరిచూసుకున్న మనిషి ఆయన. నేనేమో నా చార్టును ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఇప్పుడు చార్టు పెట్టకముందే ప్రతి ఒక్కరినీ అడుగుతాను, మీ పనిలో ఏం తేడాగా కనిపిస్తోందని. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వింటాను.