లేని బల్లి

ఒక అబద్ధం ఏళ్ల తరబడి నా నోట్లో పాచిపోయి ఉంది. మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ముక్కూ మొహం తెలియని మీకైనా చెప్పాలి. లేకపోతే ఈ కంపు భరించలేను.

మాది ఐరాల పక్క పల్లె. గంగజాతరకు చుట్టాలందరికీ పొట్టేలు కూర, సంగటి పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ రోజు గరిటె పెద్దకోడలినైన నాదే. ఆ ఏడు మా అత్త దాన్ని నా తోడికోడలి చేతికిచ్చింది. కార్వేటినగరం నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల.

కూర చాలా బాగుంది. ఇప్పుడైనా నిజం చెబుతాను, మొదటి ముద్దకే ప్రాణం లేచొచ్చింది. అంతలో మా మామ మళ్లీ వడ్డించమని పళ్లెం జరిపి, అందరి ముందూ అన్నాడు.

"ఇన్నాళ్లకు నోటికి రుచి తగిలింది గదమ్మా!"

అంతే. నా నోట్లో ముక్క బంకమట్టి అయిపోయింది. అదే కూర, అదే ముద్ద. మరి రుచి ఎక్కడికి పోయింది? నాకు లేని రుచి వాళ్లకు మాత్రం ఎందుకుండాలి అనుకున్నానా? అనుకునే ఉంటాను.

"తినొద్దు మామా! కూరలో బల్లి ఉండాది. నేను సూసినాను."

ఎవరూ వెతకలేదు. మామ గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కాడు. చుట్టాలు వాకిలంతా కక్కారు. లేని బల్లికి అంతమంది కక్కుతుంటే చూసి, ఆ వాసనకు నేనూ నిజంగానే కక్కాను. కూరంతా దిబ్బలో పోశారు. కుక్కలు ఎగబడి తిని, నీడలో హాయిగా పడుకున్నాయి.

"నేను మూత తీసి పెట్టిందే లేదక్కా," అని ఆ పిల్ల నన్నే పట్టుకుని ఏడ్చింది. తల నిమిరాను. ఆ నిమిరిన చేయిని తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

గరిటె మళ్లీ నాకొచ్చింది. ఆమె వండింది మాత్రం మా ఇంట్లో ఎవరూ వేలితో కెలికి చూడకుండా తినలేదు.

మొన్న రేణిగుంటలో వేరు కాపురం ఉంటున్న వాళ్లింటికి వెళ్లాను. అదే కూర చేసింది. వడ్డించే ముందు గరిటెతో అడుగుదాకా తిప్పి, నాకు చూపించింది.

"సూడక్కా, ఏమీ లేదు. తిను."

ఇంటికి ఎవరొచ్చినా ఇలాగే చూపిస్తుందని మా మరిది నవ్వుతూ చెప్పాడు. తిన్నాను. రెండో ముద్ద దిగలేదు, పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. ఆమె నా వీపు నిమిరింది. తర్వాత ఆ గిన్నె తెచ్చి, నా కళ్లముందే కూరంతా పారబోసింది.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు.

బల్లి లేదు. ఈ మాట మీకు చెప్పాక నోట్లో పాచి కొంచెం వదిలినట్టుంది. ఆమె మాత్రం ఇంకా గరిటె తిప్పి చూపిస్తూనే ఉంది.