మిల్లు చప్పుడుకి శాలువా

ఏలూరులో మా గురువుగారి రికార్డింగ్ స్టూడియోలో నాలుగేళ్లు పనిచేశాను. గురువుగారంటే నాకు సంగీతం నేర్పిన మనిషనుకునేరు. ఆయన నేర్పింది ఒక్కటే: కీబోర్డులో ముందే నింపిపెట్టిన దరువుల్లో ఏ నంబరు నొక్కితే భక్తి పాటవుతుందో, ఏ నంబరు నొక్కితే ఎన్నికల పాటవుతుందో. రెండింటికీ వేగంలోనే తేడా. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించిన ఆ గదిలో కూర్చుని, నంబరు నొక్కి, కళ్లు మూసుకుని, "ఆహా, వచ్చేసిందయ్యా ట్యూను" అనేవారు. ఎవడో జపాను వాడు కీబోర్డులో పెట్టి పంపించిన దరువు ఆయనకి అప్పటికప్పుడు వచ్చేసేదన్నమాట.

మా అబ్బా మైకు సెట్లు అద్దెకిచ్చేవారు. స్పీకరు గరగరమంటే లోపల ఏం పోయిందో విని చెప్పేవారు. ఆ ఇంట్లో పెరగడం వల్లనేమో, నాకు పాట కన్నా చప్పుడు మీదే మనసు. స్టూడియోలో కంప్యూటరు కొన్నాక గురువుగారు దాని జోలికి వచ్చేవారు కాదు, షాక్ కొడుతుందేమోనన్నట్టు. మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీసినంతసేపూ అది నాది.

ఒక సెలవు రోజున చిన్న రికార్డరు పట్టుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కాను. అక్కడొక రైసు మిల్లులో అబ్బాకి తెలిసిన డ్రైవరుగారు ఉండేవారు. బండి డ్రైవరు కాదు, మిల్లు నడిపే పెద్దాయన.

"ఈ చప్పుడెందుకు బాబూ మీకు? దీంతో మా చెవులే పోతున్నాయండి" అని నవ్వారు గానీ, సాయంత్రం దాకా నన్ను తిరగనిచ్చారు.

తర్వాత ఆకివీడు వెళ్లి, చేపల లారీల దగ్గర ఐసు దిమ్మలు నలగ్గొట్టే మిషను చప్పుడు పట్టుకొచ్చాను. కొల్లేరు గట్ల మీద చెరువుల్లోకి నీళ్లు తోడే ఇంజన్లు పట్టుకొచ్చాను. అవన్నీ కోసి, అతికి, సాగదీసి, ఏడు నిమిషాల సంగీతం చేశాను. పాట లేదు, పాడే మనిషీ లేడు. అయిదు నెలలు పట్టింది.

గురువుగారికి వినిపించాను. టీ తాగుతూ విన్నారు.

"పాటెప్పుడొస్తుందయ్యా?"

"పాట ఉండదండీ. ఇంతేనండీ."

"ఇంతేనా! కరెంటు పోయి జనరేటరు వేశారనుకున్నాను."

పక్క గదిలో రికార్డింగుకొచ్చిన గాయకులు కూడా నవ్వారు. వాళ్లు విననేలేదు. ఆయన నవ్వారు కాబట్టి నవ్వారు.

ఆ ఆదివారం మిల్లు దగ్గరికెళ్లి డ్రైవరుగారి చెవులకి హెడ్‌ఫోను పెట్టాను. ఆయన మిల్లు గుమ్మంలో గొంతుక్కూర్చుని కదలకుండా విన్నారు. సగంలో చెయ్యెత్తారు.

"ఆపండి బాబూ. ఇది మీరొచ్చిన రోజుదేనా?"

"అవునండీ."

"వడ్లు పైకి మోసే బెల్టు జారుతోందండి ఇక్కడ. మీరెళ్లిన నాలుగు రోజులకి తెగిపోయింది. రోజూ పక్కనే ఉండి నేను వినిపించుకోలేదు, చూడండి." హెడ్‌ఫోను సర్దుకుని, "మళ్లీ మొదట్నించి పెట్టండి" అన్నారు.

మూడుసార్లు విన్నారు. నా సంగీతాన్ని మొదట విన్న మనిషి ఆయనే.

రెండు నెలల తర్వాత ఆకివీడు బజార్లో ఒక చేపల మేత ప్రచారం వ్యాను నా పక్కనుంచి పోయింది. "రైతు సోదరులారా! మీ చేప దిట్టంగా ఎదగాలంటే..." అని గురువుగారి గొంతు. వెనకాల నా మిల్లు, నా ఐసు, నా ఇంజన్లు. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడిపోయాను.

మర్నాడు అడిగాను. నేను లేనప్పుడు ఎవరిచేతో కంప్యూటరులోంచి తీయించారట.

"గదెవరిది? కంప్యూటరెవరిది? నువ్వు చేసిందేముంది, నొక్కడమేగా" అన్నారు ఆయన. జీవితమంతా నొక్కి బతికిన మనిషి ఆ మాటన్నారు, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఆ రోజే మానేశాను.

పాత కంప్యూటరొకటి సంపాదించి, ఇంట్లో మైకు సెట్ల మధ్య కూర్చుని చేసుకున్నాను. సీడీలు నేనే కాల్చుకుని పోస్టులో పంపేవాణ్ణి. నెట్ సెంటర్లో కూర్చుని ఒక్కో ట్రాకూ ఎక్కించేవాణ్ణి. ఊరూ పేరూ తెలియని వాళ్లు ఎక్కడెక్కణ్ణించో ఉత్తరాలు రాశారు. ఏలూరులో మాత్రం ఎవరికీ పట్టలేదు. నాలుగేళ్లకి ఒక పేపర్లో నా ఫొటో పడింది. అంతే, రాత్రికి రాత్రి ఊరందరికీ చెవులొచ్చాయి. ఒక్క నిమిషం కూడా విననివాళ్లు ఇంటికొచ్చి, "మాకు ముందే తెలుసండీ మీరు పైకొస్తారని" అన్నారు.

సన్మానం పెట్టారు. శాలువా కప్పడానికి గురువుగారినే పిలిచారు. ఆయన మైకు పట్టుకుని, ఈ మొక్కకి నీళ్లు పోసింది తానేనని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే తడి ఉంది, దగ్గర్నుంచి చూశాను. నేను వ్యాను సంగతి చెబుదామనే వెళ్లాను. మాటలు కూడా కూర్చుకున్నాను. మైకు నా చేతికిచ్చారు. ఎదురుగా కుర్చీల్లో జనం నవ్వు మొహాలతో చూస్తున్నారు. భుజాల మీద శాలువా వెచ్చగా ఉంది.

"అంతా గురువుగారి దయండీ" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఇంతసేపూ ఆయన్ని చులకన చేసి రాశాను గానీ, ఆయన తన మాట తాను నమ్మారు. నేను నా మాట నమ్మకుండానే అన్నాను. ఇద్దరిలో ఎవరు తక్కువో నాకు తెలుసు.

ఆ తర్వాత ఇంకా చాలా చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. సన్మానానికి పిలిస్తే మాత్రం ఒంట్లో బాగాలేదని చెబుతాను.