మస్తాన్ బీ అడిగిన రెండో గోలీ

రుసైల్‌లోని ఒక గోదాములో డ్యూటీలో ఉండగానే మస్తాన్ బీ కుప్పకూలిందని, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని, ఆమెతో పనిచేసే కడప ఆవిడ పోయిన సోమవారం ఫోన్ చేసి చెప్పింది. అల్ ఖువైర్‌లో మా ఆఫీసు కుర్చీలో కూర్చుని విన్నాను. "మనలో ఆమెను ఎరిగినవాడివి నువ్వొక్కడివే, నాలుగు మాటలు రాయి" అన్నారు ఇక్కడి మన తెలుగు సంఘం మిత్రులు. ఎరిగినవాడినే. ఆమె గురించి రాసే అర్హత లేనివాడిని కూడా.

ఎనభైల చివర్లో నేను ఈ అరబ్బు దేశంలోనే బురైమి వైపు మలేరియా బృందంలో పనిచేసేవాణ్ణి. వానలు పడి వాదిలో, అంటే ఎండు వాగులో, నీళ్లు నిలిచే నెలల్లో, చుట్టుపక్కల పల్లెల్లో అయిదేళ్లలోపు పిల్లలకు జ్వరం రాకముందే వారానికోసారి మందు వేయాలి. మాకు బుధవారం ఆ పని. మగవాళ్లు ఇంట్లో లేనప్పుడు మేం గడప దాటకూడదు. తలుపు చాటునుంచి ఒక చెయ్యి వచ్చేది, అందులో గోలీ పెట్టేవాళ్లం, పిల్లవాడి కార్డులో 'నా ఎదుట మింగాడు' అన్న గడిలో టిక్కు పెట్టేవాళ్లం. అందరం అలాగే చేసేవాళ్లం. అది తప్పని ఎవరికీ తోచలేదు.

తోచింది ఒక ఇంట్లో పనికి కుదిరిన కడప జిల్లా మనిషి మస్తాన్ బీకి. నలభై ఏళ్లుంటాయి, సన్నగా ఉండేది. కార్డులో నేనేం రాస్తున్నానో అడిగి తెలుసుకుని, "మింగినాడని రాస్తాండారే సార్, మీరు చూసినారా?" అంది.

"మేం లోపలికి రాకూడదు కదమ్మా."

"మీరు రాకూడదు. నేను పోవచ్చు కదా. ఇట్లియ్యండి."

ఆ ఇంటి యజమానురాలు కూడా ఒప్పుకుంది. అప్పటినుంచి ఆ వీధిలో గోలీలు వేయించే పని మస్తాన్ బీదే అయింది. గోలీ నలిపి, ఖర్జూరపు గుజ్జులో కలిపి తినిపించేది. అరగంటలోపు పిల్లవాడు కక్కితే మళ్లీ వేయాలని నేనొకసారి మాటవరసకు చెప్పాను. ఆమె దాన్ని పట్టుకుంది. ఒక్కో బిడ్డను ఒళ్లో పెట్టుకుని, కడప తెలుగులో ఏవో కథలు చెబుతూ అరగంట కూర్చునేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు.

మా డ్రైవర్ హైదరాబాదీ. ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాడు. "ఖాలా, నువ్వే డాక్టరమ్మవైతివి. ఇంక మా సార్‌ను రూమ్‌ల పండుకోమను" అని ఏడిపించేవాడు.

"ఆయప్ప నిలబడి పండుకుంటాండాడు కదరా ఇప్పుడే. నువ్వు ముందు ఆ బండి తుడుచుకోపో" అనేది.

నవ్వేవాణ్ణి. ఆ మాట నిజమని అప్పుడు తెలియదు.

ఆ ఇంటి చిన్నవాడు సాలిం. మూడేళ్లు. మస్తాన్ బీ చంక దిగేవాడు కాదు. ఒక బుధవారం మేం జీపెక్కాక ఆమె పరుగెత్తుకొచ్చింది. "సార్, సాలిం కక్కేసినాడు. ఇంకో గోలీ ఇయ్యండి."

మర్నాడు గురువారం, ఇక్కడ వారాంతపు సెలవు. రూమ్‌లో మావాళ్లు సినిమా క్యాసెట్ తెచ్చి నాకోసం ఆగి ఉన్నారు. కార్డులో టిక్కు అప్పటికే పడింది. "వచ్చే బుధవారం వస్తాంగా, అప్పుడు వేద్దాంలే" అన్నాను.

"వారం దాకా దోమ ఆగుతాదా సార్?"

మందుల సంచి నా ఒళ్లోనే ఉంది. జిప్పు తీయలేదు. పోనివ్వమని డ్రైవర్‌కు చెప్పాను.

మరుసటి బుధవారం వాది పొంగి దారి తెగింది. ఆ తరువాతి వారం వెళ్లేసరికి సాలిం ఒళ్లు కాలిపోతోంది. నాలుగో రోజున పోయాడు. మందు కడుపులో నిలిచి ఉంటే బతికేవాడని మా డాక్టరు అనలేదు. బతికేవాడు కాదనీ అనలేదు.

విచారణకు డాక్టరు, నేను వాళ్లింటికి వెళ్లాం. మస్తాన్ బీ ఈ దేశం వచ్చి రెండేళ్లే అయింది. ఇంటి పనికి సరిపడా అరబ్బీ తప్ప రాదు. "సార్, నాకు ఆ మాటలు రావు. కక్కినాడనీ, నేను వచ్చి అడిగినాననీ మీరే చెప్పండి వాళ్లకు" అంది, నన్ను నమ్మి. సాలిం తండ్రి నా వైపు తిరిగాడు. నేను అరబ్బీలో అన్నాను: "పిల్లవాడు కక్కాడట. మాకు చెప్పడం మర్చిపోయిందట."

మర్చిపోవడం అన్న అరబ్బీ మాట పనిమనుషులు రోజూ వినేదే. అది ఆమెకు అర్థమైంది. నా ముఖం వైపు చూసింది. అంతలో లోపలినుంచి తల్లి ఏడుపు వినబడింది. వారం తిరక్కుండా మస్తాన్ బీని పనిలోంచి పంపేశారు.

తరువాత ఆమె రుసైల్‌లో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడికి అల్ ఖువైర్‌నుంచి కారులో అరగంట. ఒక్కసారీ వెళ్లలేదు. రెండేళ్ల కిందట కూరగాయల మార్కెట్టులో తనే నన్ను గుర్తుపట్టింది. నిందిస్తుందనుకున్నాను. "ఇప్పుడన్నా నిలబడి చూస్తాండారా సార్, పిల్లోళ్లు మింగేది?" అని మాత్రం అడిగింది.

"చూస్తున్నానక్కా" అన్నాను. అప్పటికి నేను ఆఫీసు పనికి మారి చాలా కాలమైంది. అది ఆమె ఎదుట ఆడిన రెండో అబద్ధం.

మొన్న శుక్రవారం బురైమి వెళ్లాను. సాలిం తండ్రి కాఫీ పోశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నా చేతిలో కప్పు వంకే చూస్తూ ఉండిపోయాడు. తలుపు వెనకనుంచి సాలిం తల్లి అడిగింది: "మాకు చెప్పేశావని ఆమెకు తెలుసా?"

"ఆమె పోయిందమ్మా. సోమవారం."

మళ్లీ ఆ గొంతే: "మరి ఎవరికోసం వచ్చావు?"

కప్పు కింద పెట్టి లేచి వచ్చేశాను.

మస్తాన్ బీ మర్చిపోలేదు. పరుగెత్తుకొచ్చి అడిగింది. ఇవ్వనివాణ్ణి నేను. ఈ మాట ఆమె బతికుండగా ఆమె ఎదుట అరబ్బీలో అనవలసింది. ఆమె లేనప్పుడు తెలుగులో రాస్తున్నాను. పరాయి బిడ్డ మింగాడో లేదో చూడడానికి అరగంట కూర్చునే మనిషిని మళ్లీ చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. ఆమెకు తల వంచి నమస్కరిస్తున్నాను. అది ఆమెకు చేరదని తెలుసు.