మార్తమ్మ పింగాణీ జోడు

చాముండేశ్వరి దేశంకాని దేశంలో, అత్లోన్ అనే ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో పనికి చేరిన ఆరు నెలలకే కరోనా వచ్చిపడింది. పన్నెండు గంటల డ్యూటీ, మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్. ఒళ్లు హూనమైపోయేది. బయటివాళ్లెవరూ రాకూడదన్నారు గనక ఆ ముసలివాళ్లకి కూతురైనా మనవరాలైనా ఈమే కావలసి వచ్చింది.

ఏడో గదిలో మార్తా ఉండేది. ఎనభై ఎనిమిదేళ్లు. చాముండేశ్వరి మనసులో మాత్రం మార్తమ్మ. ఆవిడ కిటికీ గట్టు మీద మేరీమాత బొమ్మ, దాని పక్కనే బొటనవేలంత పింగాణీ బూట్ల జత, తెలుపు మీద నీలిపూలు. పెళ్లినాడు మేనత్త ఇచ్చిందట.

"అదృష్టం నడుచుకుంటూ ఇంట్లోకి రావాలని కొత్త దంపతులకి ఇచ్చేవాళ్లు. మా అమ్మమ్మ అయితే ఇలాంటి దాంట్లో గుండుసూదులు దాచుకునేది. చెడు రాకుండా పాత బూటుని గోడలో పెట్టి కట్టేసినవాళ్లూ ఉన్నారు" అనేది మార్తా.

"మా ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి. వాటిని చూసే ఎవరొచ్చారో చెప్పేస్తాం" అనేది చాముండేశ్వరి. దేవత పక్కన చెప్పులేమిటని లోపల ఒకటే పీకుడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా.

ఏప్రిల్లో మార్తాకి జ్వరం తగిలింది. పరీక్షలో పాజిటివ్. గాల్వే అనే ఊళ్లో ఉన్న కూతురు నోరా రావడానికి వీల్లేదన్నారు. "నాకోసం ఎవరైనా వచ్చారా?" అని ఆవిడ గంటకోసారి అడిగేది. లేదని చెప్పి చెప్పి చాముండేశ్వరికి విసుగొచ్చింది, అలా విసుక్కున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నా అన్నవాళ్లు వచ్చారన్న తృప్తి లేకుండానే ఈవిడ పోతుందేమోనని ఒకటే బెంగ.

ఆ సాయంత్రం గట్టు తుడుస్తుంటే, అలసటలో చేతులు వాటి అలవాటు అవి చూసుకున్నాయి. పింగాణీ జోడు తీసి గుమ్మం పక్కన నేల మీద పెట్టేసింది. మార్తా కళ్లు తెరిచింది. గట్టు ఖాళీ. చూపు మెల్లగా గుమ్మం దాకా వెళ్లింది. చాముండేశ్వరి నాలుక్కరుచుకుని వాటిని తీయబోయింది.

"ఉండనీ. మీ ఇంట్లోలాగే. ఎవరొచ్చారు?" అంది మార్తా.

అబద్ధానికి మనసొప్పలేదు, నిజానికి నోరు రాలేదు.

"నేనే వచ్చాను" అంది చివరికి. కుర్చీ లాక్కుని చూడవచ్చిన మనిషిలా కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుంది. మార్తా మళ్లీ అడగలేదు. తెల్లారేసరికి పోయింది.

జూన్ చివర్లో దారులు తెరిచాక నోరా గేటు దగ్గరికొచ్చి తల్లి సామాను అందుకుంది. "ఆఖర్న అమ్మ దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఉన్నానని చాముండేశ్వరి తల ఊపింది. నోరా సంచీలోంచి ఆ పింగాణీ జతలో ఒక బూటు తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి తన బూట్లు విప్పి, వాటి పక్కన ఆ పింగాణీ బూటు పెట్టింది చాముండేశ్వరి. ఆ గుమ్మం దగ్గర పరాయి మనిషి చెప్పులు కనపడి మూడు నెలలు దాటింది.

"ఈ బొమ్మేంటి, ఇక్కడ పెట్టావ్?" అన్నాడు భర్త దశరథ.

"మార్తమ్మ వచ్చిందండీ" అంది ఆమె, గోడకి చేరగిలబడుతూ. "కాసిని మంచినీళ్లివ్వండి."